డబ్బా వృథా అవుతుందని తాగుతున్న అక్కకు

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంట. నా వయసు 67, బరువు 58 కిలోలు. ఎనిమిదేళ్లుగా షుగరు, బీపీ ఉన్నాయి, మాత్రలు వాడుతున్నాను. మొన్న వినాయక చవితికి కింద కూర్చుని పూజ చేసి లేవబోతే లేవలేకపోయాను, కోడలు చెయ్యి పట్టుకుని లేపింది. మా ఆయన జ్వరం వచ్చి సన్నబడ్డారని మావాడు బెంగళూరు నుంచి కిలో ప్రొటీన్ పౌడర్ డబ్బా తెచ్చాడు. ఆయన రెండు రోజులు తాగి వాసన అని పక్కన పెట్టేశారు. మూడు వేలు పైన పోసి కొన్నది వృథా ఎందుకని నేనే తాగుతున్నాను. మూడు వారాలైంది, కాళ్లలో బలం వచ్చినట్టేమీ లేదు. పక్కింటావిడ కిడ్నీలు పోతాయంటోంది. వీధి చివర జిమ్ములో అబ్బాయేమో రోజుకు రెండు స్కూపులు తాగి బరువులెత్తాలి అంటున్నాడు. ఈ వయసులో బరువులేంటి? మాఘంలో మనవరాలి మొక్కు ఉంది, అలిపిరి నుంచి నడిచి ఎక్కాలి. మేము గుడ్డు కూడా తినం. ఏం చేయమంటారు?

సమాధానం:

రాత్రి మిగిలిన ఉప్మా పారేయలేక పొద్దున్నే తినేస్తాం చూడండి, ఆ లెక్కలో ప్రొటీన్ డబ్బా తాగుతున్న మనిషిని ఇన్నేళ్ల నా ఫిజియోథెరపీ పనిలో మిమ్మల్నే చూశాను అక్కా. నవ్వొచ్చింది, ఆ వెంటనే కాస్త భయం కూడా వేసింది. ఎనిమిదేళ్ల షుగరు ఉన్న మనిషి ఆ పౌడర్ తాగొచ్చో లేదో డబ్బా చూసి చెప్పలేం, రక్తం, మూత్రం రిపోర్టులు చూసి చెప్పాలి. మీ ఉత్తరంలో ఆ రిపోర్టుల ఊసే లేదు. అందుకే రేపటి నుంచి ఆ డబ్బా మూత తీయొద్దు. పారేయొద్దు కూడా, ఒక వారం అటక మీద పెట్టండి.

ఈ వారంలో చేయించాల్సినవి రెండు పరీక్షలు. ఒకటి రక్తంలో క్రియాటినిన్, దాన్నుంచి లెక్కగట్టే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే అంకె, కూడా రిపోర్టులో వేయమనండి. రెండోది మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందా అని చూసే పరీక్ష. చాలామంది మొదటిది చేయించుకుని రెండోది వదిలేస్తారు, కానీ షుగరు వల్ల కిడ్నీకి దెబ్బ తగులుతుంటే చాలాసార్లు ముందు బయటపడేది ఆ మూత్ర పరీక్షలోనే, అప్పటికి క్రియాటినిన్ బాగానే కనిపిస్తుంటుంది, ఒంట్లో ఏ బాధా తెలియదు. రుయా పెద్దాసుపత్రిలో చేయించుకుంటారో, మీ వీధి ల్యాబులోనో, మీ ఇష్టం. రిపోర్టులు మీ షుగరు డాక్టరుకు చూపించి, రోజుకు 60 నుంచి 70 గ్రాముల ప్రొటీన్ తినొచ్చా అని ఇదే మాటగా అడగండి. "పౌడర్ తాగొచ్చా" అని అడిగితే ఆయన తల ఊపేస్తాడు, అటో ఇటో. గ్రాముల లెక్క చెప్తే ఆలోచించి చెప్తాడు.

పక్కింటావిడ మాటలో సగం నిజం ఉంది. కిడ్నీలు బాగున్నవాళ్లకు ఈ మాత్రం ప్రొటీన్ వల్ల అవి పాడవుతాయనడానికి గట్టి ఆధారం లేదు. అప్పటికే దెబ్బతిని ఉంటే మాత్రం సంగతి వేరు, ఈజీఎఫ్ఆర్ 30 కంటే తగ్గి డయాలసిస్ దాకా వెళ్లని వాళ్లకు ప్రొటీన్ తగ్గించమనే చెప్తారు. మీరు ఏ వైపున్నారో ఆవిడకూ తెలియదు, జిమ్ము అబ్బాయికీ తెలియదు, ఇప్పటికి నాకూ తెలియదు.

ఇక మూడు వారాలు తాగినా బలం రాలేదన్నారు కదా. రాదు అక్కా. దీని మీద అమెరికాలోని బోస్టన్‌లో మరియా ఫియటరోన్ అనే డాక్టరు బృందం చేసిన పని ఒకటుంది, 1994లో అచ్చయింది. వృద్ధాశ్రమంలో ఉండే 100 మందిని తీసుకున్నారు, సగటు వయసు 87, చాలామంది కర్ర సాయంతోనో వాకర్‌తోనో నడిచేవాళ్లు. కొందరి చేత కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు, కొందరికి పోషకాల డ్రింకు ఒక్కటే ఇచ్చారు, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. పది వారాల తర్వాత చూస్తే వ్యాయామం చేసినవాళ్ల కాళ్ల బలం రెట్టింపు దాటింది, నడక వేగం పెరిగింది, మెట్లెక్కే శక్తి పెరిగింది. ఉత్త డ్రింకు తాగినవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పేమీ లేదు. సగటున 87 ఏళ్ల వాళ్లు పది వారాల్లో అది చేశారంటే, మీకు 67, చేతిలో నాలుగు నెలలున్నాయి, ఈ వయసులో బరువులేంటి అని మీరు అడగకూడదు.

ముప్పై, నలభై దాటినప్పటి నుంచి పదేళ్లకు 3 నుంచి 8 శాతం చొప్పున కండ తగ్గుతూ వస్తుంది, అరవై దాటాక ఇంకా జోరుగా తగ్గుతుంది. దీనికి 1989లో సార్కోపీనియా అని పేరు పెట్టారు, గ్రీకులో కండ తరుగుదల అని అర్థం. పేరు పెట్టి ఇన్నేళ్లైనా మన ఇళ్లలో దీన్ని "వయసైపోయింది" అనే అంటాం. తగ్గిన కండకు పైగా కొంచెం చెవుడు కూడా వస్తుంది అనుకోండి. పాతికేళ్ల పిల్లకు కాస్త ప్రొటీన్ తగిలినా కండ వెంటనే అందుకుంటుంది. మన వయసు కండకు గట్టిగా కేకేయాలి, అంటే పూటకు కాస్త ఎక్కువ ప్రొటీన్ పడాలి, దాంతోపాటు కండను కష్టపెట్టాలి. ఆ కష్టం లేకపోతే మీరు తాగిన పౌడర్ మూడు వేల రూపాయల పెసరపప్పుతో సమానం, ఒంట్లో ఏదో ఇంధనంగా ఖర్చైపోతుంది.

ఒక పని చేయండి, ఇప్పుడే, ఇది చదువుతూనే. ఇంట్లో గట్టి చెక్క కుర్చీ ఉంటే గోడకు ఆనించి పెట్టండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, గచ్చు మీద దాని కాళ్లు విచ్చుకుని జారతాయి, అలా పడినవాళ్లు నా దగ్గరికే వస్తారు. కూర్చుని రెండు చేతులూ గుండెల మీద అడ్డంగా పెట్టుకోండి. కోడల్ని ఫోనులో టైము చూడమని, ఐదుసార్లు పూర్తిగా లేచి కూర్చోండి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పట్టిందంటే కాళ్ల బలం తగ్గినట్టే, ఆసియా దేశాల నిపుణులు 2019లో పెట్టుకున్న హద్దు అది. చేతులు వాడకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే భయపడొద్దు, సీటు మీద దిండు వేసి ఎత్తు పెంచి, అక్కడి నుంచే మొదలుపెడదాం. వచ్చిన సెకన్లు క్యాలెండరులో ఈ రోజు గడిలో రాసిపెట్టండి.

మీ వ్యాయామం కూడా ముఖ్యంగా ఇదే. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం, ఎనిమిది నుంచి పది సార్లు, కాసేపు ఆగి మళ్లీ, ఇలా రెండు మూడు విడతలు. లేచేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, బీపీ ఉన్నవాళ్లు బిగబడితే అది ఒక్కసారిగా పైకి పోతుంది. దీనికి నేను మన ఊరివాళ్లకు చెప్పే చిట్కా ఒకటుంది, లేచే ప్రతిసారీ పైకే "గోవిందా" అనండి. నోరు తెరిచి గోవిందా అంటున్న మనిషి ఊపిరి బిగబట్టలేదు. కొండ మెట్ల మీద జనం చేసేదీ అదే కదా. కూర్చునేటప్పుడు మాత్రం ధబీమని పడకుండా, మూడు అంకెలు లెక్కపెట్టుకుంటూ నిదానంగా దిగండి. బరువును ఆపుకుంటూ దిగేటప్పుడు తొడ ముందు కండకు మంచి పని పడుతుంది, చాలామంది ఆ సగం వదిలేస్తారు.

రెండోది, వంటింటి గట్టు పట్టుకుని మడమలు పైకి లేపి దించడం. పిక్కలకు. పాలు పొంగేలోపు ఒక విడత అయిపోతుంది. మూడోది గోడకు రెండు చేతులూ ఆనించి, వంగి తోయడం, భుజాలకు, ఛాతీకి. నాలుగోది మిద్దె మెట్లలో మొదటి మెట్టు, రెయిలింగ్ పట్టుకుని కుడికాలుతో ఎక్కి దిగండి, తర్వాత ఎడమకాలుతో. ఐదోది లీటరు నీళ్ల సీసాలు రెండు, చేతికొకటి, కాస్త ముందుకు వంగి మోచేతులు వెనక్కి లాగడం. ఎప్పుడైనా వెన్నుపూస విరిగి ఉన్నా, ఎముకలు పలచబడ్డాయని చెప్పి ఉన్నా ఈ ఐదోది వద్దు, వెన్ను వంచకూడదు. సోమ, బుధ, శుక్రవారాలు చాలు, మధ్యలో రోజు విడవండి. మిగతా రోజుల్లో నడక మామూలే. నడక మంచిదే, గుండెకు, షుగరుకు. కానీ నడక ఒక్కటే కాళ్లలో బలం పెంచదు. రోజూ ప్రకాశం పార్కులో గంట నడుస్తూ కింద కూర్చుంటే లేవలేని పెద్దవాళ్లు నాకు బోలెడుమంది తెలుసు.

ఎంత కష్టపెట్టాలి అంటే, పదిసార్లలో చివరి రెండు "అబ్బా" అనిపించాలి, కానీ చేయగలగాలి. పన్నెండు సార్లు కబుర్లు చెప్తూ చేసేస్తున్నారంటే బరువు చాలట్లేదు. అప్పుడు ఒక సంచిలో రెండు కిలోల బియ్యం పోసి, గుండెలకు హత్తుకుని కుర్చీలోంచి లేవండి. రెండు మూడు వారాలకు మూడు కిలోలు. బరువులెత్తడం అంటే ఇంతే అక్కా, ఇనుప కడ్డీలూ అద్దాలూ లేకుండా కూడా అవుతుంది. మీరు యాభై ఏళ్లు నీళ్ల బిందె నడుముకెత్తుకుని మోసిన మనిషి, కొళాయి ఇంట్లోకి వచ్చాక ఆ బరువు పోయింది, దాంతో కండా పోయింది. జిమ్ముకు వెళ్తానంటే నాకేం అభ్యంతరం లేదు, ఆ అబ్బాయి మీ షుగరు, బీపీ సంగతి అడిగి, తక్కువ బరువుతో మొదలుపెట్టిస్తే వెళ్లండి. అడగకుండానే రెండు స్కూపులు అని చెప్పాడు కాబట్టి నాకు అంత నమ్మకం లేదు.

మొదటి వారం తొడలు పట్టేస్తాయి, రెండు రోజుల్లో పోతుంది, అది కండ నొప్పి. మోకాలి కీలు లోపల పొడిచినట్టున్నా, వాచినా ఆ వ్యాయామం ఆపి కుర్చీ ఎత్తు పెంచండి. ఛాతీలో బిగుతు, కళ్లు తిరగడం వస్తే అక్కడికక్కడ ఆపి డాక్టరు దగ్గరికి పోవడమే. షుగరు మాత్రల్లో గ్లిమెపిరైడ్ లాంటిది ఉన్నా, ఇన్సులిన్ ఉన్నా, పరగడుపున చేయొద్దు, షుగరు పడిపోవచ్చు, కొంగున బెల్లం ముక్క పెట్టుకోండి. ఇంకోటి, కంటి రెటీనా పరీక్ష ఏడాదిగా చేయించి ఉండకపోతే చేయించాకే బరువులు పెంచండి. షుగరు వల్ల రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే బరువులు ఎత్తడం ప్రమాదం.

నేనూ ఒకప్పుడు మోకాలు నొప్పి అని వచ్చిన ప్రతివాళ్లకూ మెట్లెక్కొద్దు, కింద కూర్చోవద్దు, రెస్టు తీసుకోండి అని చెప్పినదాన్నే. మా అమ్మకు కూడా అదే చెప్పాను. ఆమె బుద్ధిగా విన్నది, రెండేళ్లలో మంచం దిగడానికి మనిషి కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఎవరికైనా రెస్టు అనే ముందు నాకే గొంతు అడ్డం పడుతుంది.

సరే, తిండి. మీరు ఏం తింటారో రాయలేదు కానీ, మన ఊళ్లో ఈ వయసు శాకాహారి ఇల్లాళ్లు తినేది నాకు కొంచెం తెలుసు కాబట్టి ఊహించి రాస్తున్నా, తప్పైతే తిట్టుకోండి. పొద్దున రెండు ఇడ్లీలు, నాలుగు గ్రాముల ప్రొటీన్. రెండుపూటలా కాఫీలో పాలు, ఐదు గ్రాములు. మధ్యాహ్నం అన్నం, ఏడెనిమిది. చారు, ఏదో వేపుడు, మూడు. గ్లాసు పలచటి మజ్జిగ, రెండు. రాత్రి ఉప్మా, ఐదు. ఎంత సాగదీసినా ముప్పై దాటలేదు. పెద్దల మామూలు అవసరానికి మన జాతీయ పోషకాహార సంస్థ చెప్పే లెక్క కిలో బరువుకు 0.83 గ్రాములు, మీకు 48. అరవై ఐదు దాటినవాళ్లకు కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు ఉండాలని వృద్ధుల పోషణ మీద పనిచేసేవాళ్లు 2013 నుంచి చెప్తున్నారు, అంటే మీకు 58 నుంచి 70. మీరు తినేది అందులో సగం.

ఎందుకు సగమో కూడా చెప్తాను, కోపం తెచ్చుకోవద్దు. పప్పు ఉడికాక పైన తేరిన కట్టు వంచి చారు పెడతారు. గిన్నె అడుగున ఉన్న గట్టి పప్పు ఆయనకు, కొడుకు వస్తే కొడుక్కి. మీరు చివర్న కూర్చుని చారన్నం, మజ్జిగన్నం తిని లేస్తారు. ప్రొటీన్ ఉన్నది గరిటె అడుగుకు తగిలే ఆ పప్పులో, కట్టులో ఉన్నది తక్కువ. రేపటి నుంచి మీ వాటా పప్పు ముందే ఒక గిన్నెలో తీసి పెట్టుకోండి, పచ్చి కందిపప్పు లెక్కన 40 గ్రాములు, అదొక్కటే తొమ్మిది గ్రాముల ప్రొటీన్. ఇడ్లీ బదులు వారంలో నాలుగు రోజులు పెసరట్టు, యాభై గ్రాముల పెసలకు పన్నెండు వస్తుంది. ఇడ్లీ రోజున చట్నీ బదులు చెనక్కాయల ఊరుబిండి గట్టిగా, ముప్పై గ్రాముల చెనక్కాయలకు ఏడు గ్రాములు. సాయంత్రం గుప్పెడు అలసంద గుగ్గిళ్లో ఉలవ గుగ్గిళ్లో, మరో ఆరేడు. మజ్జిగలో నీళ్లు తగ్గించి ఒక కప్పు పెరుగు. రాత్రి ఉప్మా మానేసి రెండు చపాతీలు, గట్టి కూటు, పడుకునే ముందు గ్లాసు పాలు. సంక్రాంతి దగ్గరపడితే అనపకాయలు వస్తాయి, పితికిపప్పు చేసుకునే కాలంలో ఉమ్మడి చిత్తూరు జిల్లా మనిషికి ప్రొటీన్ గురించి ఒకరు చెప్పాలా. రాగి సంగటి మంచిదే కానీ దాన్ని ప్రొటీన్ కింద లెక్కేయకండి, వంద గ్రాముల రాగుల్లో ఏడే. గుడ్డు తినే ఇళ్లలో అయితే ఒక్కో గుడ్డుకు ఆరు గ్రాములు, పని సులువు.

శనివారం ఒక్కపొద్దు ఉంటారు కదా, చాలామంది ఉంటారు కాబట్టి అడుగుతున్నా. షుగరు మాత్రలతో ఒక్కపొద్దు ఉండొచ్చో లేదో ముందు డాక్టరునే అడగండి. ఉండమంటే ఆ ఒక్క పూటా పులిహోరతో సరిపెట్టకుండా పప్పు, పెరుగు ఉండేలా చూసుకోండి. స్వామి కాదనడు.

ఇలా తింటే యాభై ఐదు, అరవై దాకా వచ్చేస్తారు. ఇక మిగిలిన ఆ పదీ పన్నెండు గ్రాములకు, రిపోర్టులు బాగుండి డాక్టరు సరే అంటే, అటక మీద డబ్బా దించండి. రోజుకు అర స్కూపు. రెండు ఎప్పుడూ వద్దు. వ్యాయామం చేసిన రోజు టిఫిన్‌తోనో, ప్రొటీన్ తక్కువ పడ్డ పూటో తీసుకోండి. మజ్జిగలో గిలకొట్టి కాస్త జీలకర్ర పొడి వేస్తే వాసన తెలియదు, మీ ఆయనకు కూడా అలా ఇచ్చి చూడండి. వేడి కాఫీలో వేస్తే ముద్ద కడుతుంది. కడుపుబ్బరం వస్తే అందులో ఉండే పాల చక్కెర పడట్లేదన్నమాట.

దించే ముందు డబ్బా వెనక అక్షరాలు కోడలి చేత చదివించండి. వే ప్రొటీన్ అని ఉంటే సరే, పాలు విరిచాక మిగిలే నీళ్ల నుంచి తీసేదే అది. మాస్ గెయినర్ అని ఉంటే, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థం ముందు వరుసలో ఉంటే, షుగరు మనిషి ముట్టుకోకూడదు, అందులో ప్రొటీన్ కన్నా పిండి పదార్థమే ఎక్కువ. అసలు మీవాడు నాన్న లావెక్కాలని తెచ్చాడు కాబట్టి నాకు ఆ అనుమానమే ముందొచ్చింది. ఈ మూడు వారాల్లో మీ షుగరు పెరిగిందేమో కూడా చూసుకోండి. ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు, తయారీ తేదీ ఉన్నాయా చూడండి. ఈ జాగ్రత్త ఊరికే చెప్పట్లేదు, కేరళ డాక్టర్లు కొందరు మన మార్కెట్లో దొరికే 36 ప్రొటీన్ పౌడర్లను పరీక్షించి 2024లో ప్రచురించారు, దాదాపు 70 శాతం వాటిల్లో లేబులు మీద రాసిన ప్రొటీన్‌కీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు, కొన్నింటిలో బూజు వల్ల వచ్చే విషం కూడా ఉంది. అదే ఏడాది జాతీయ పోషకాహార సంస్థ కూడా ఒళ్లు పెంచడానికి ప్రొటీన్ సప్లిమెంట్ల జోలికి పోవద్దని తన ఆహార మార్గదర్శకాల్లో రాసింది. నా మాట ఏంటంటే, తిండితో చేరలేని ఆ కొసరుకు పౌడర్ పనికొస్తుంది, అసలుకు కాదు. ఈ డబ్బా అయిపోయాక ఇంకోటి కొనొద్దు, ఆ డబ్బుతో రోజూ అర లీటరు పాలు ఎక్కువ పోయించుకోండి.

మీ ఆయన సంగతి మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, నాకు అక్కడే మనసు ఆగింది. జ్వరంతో పది రోజులు మంచాన పడితే ఈ వయసులో కండ త్వరగా కరిగిపోతుంది, అది మళ్లీ రావాలంటే ఆయనా మీతోపాటు కుర్చీలోంచి లేచి కూర్చోవాల్సిందే. కానీ జ్వరం తగ్గి నెలైనా బరువు ఇంకా దిగుతుంటే డాక్టరుకు చూపించండి, షుగరో, థైరాయిడో, టీబీనో, మరోటో లోపల ఉండొచ్చు. ఆయన్ని పౌడర్‌తో సరిపెట్టొద్దు.

ఇక మొక్కు. అలిపిరి దారిలో 3,550 మెట్లు, గాలిగోపురం దాకా నిటారు, మధ్యలో చాలా దూరం తేలిక, చివర్న మోకాళ్ల పర్వతం మళ్లీ పరీక్ష పెడుతుంది. శ్రీవారి మెట్టులో 2,388 మెట్లే కదా అని అటు పోకండి, ఊపిరి తీసుకునే చదును అక్కడ పెద్దగా ఉండదు. రెండు నెలల వ్యాయామం తర్వాత మిద్దె మెట్లు ఆగకుండా ఐదుసార్లు ఎక్కి దిగగలిగితే, ఒక రోజు పొద్దున్నే అలిపిరి పోయి మొదటి రెండు వందల మెట్లు ఎక్కి చూసి వచ్చేయండి. క్యాలెండరులో సెకన్లు పుష్యమాసానికి 12 కిందికి దిగితే మాఘంలో నిదానంగా, ఆగి ఆగి ఎక్కేయొచ్చు. దిగకపోతే మీవాళ్లను నడిచి ఎక్కనిచ్చి, మీరు బస్సులో వెళ్లి కొండ మీద కలుసుకోండి, మొక్కు మనవరాలిది, మీది కాదు. ఎక్కినా సరే, దిగేటప్పుడు మాత్రం బస్సెక్కండి.